గుర్రం దొడ్లో కుక్కను వదలొచ్చా? అలవాటు పడిందా, ఓర్చుకుంటోందా?

తెల్లచుక్క (చర్చ మొదలు)

మా ఆడగుర్రానికి పదకొండేళ్లు, నెమ్మదస్తురాలు. ఈమధ్య ఇంట్లోకి రెండేళ్ల కుక్క వచ్చింది, గొర్రెల్ని కాసే జాతిది. పది రోజులుగా రెండింటినీ ఒకే దొడ్లో వదులుతున్నాం. మొదటి రెండు రోజులు గుర్రం కంచె వెంట ఒకటే పరుగు. మూడో రోజు నుంచి మానేసింది. ఇప్పుడు కుక్క చుట్టూ తిరుగుతున్నా ఉన్నచోటే నిలబడుతుంది.

మావారు "అలవాటైపోయింది, ఇంకేం భయం లేదు" అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. నిన్న సాయంత్రం గడ్డి వేసి అక్కడే నిలబడి చూశాను. కుక్క లోపలికి రాగానే గుర్రం నమలడం ఆపేసింది. పెదవుల మధ్య ఒక గడ్డిపరక వేలాడుతోంది, అది కూడా కదల్లేదు. ఒక చెవి మాత్రం కుక్క ఎటు వెళ్తే అటు తిరుగుతోంది. కుక్క బయటికి పోయిన చాలాసేపటికి గానీ ఆ పరక నోట్లోకి పోలేదు. దీన్ని అలవాటు అనొచ్చా? రెండింటినీ కలిపి ఉంచొచ్చా, వద్దా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతరౌతు

ఉంచొచ్చమ్మా, కంగారు పడకండి. గుర్రం, కుక్క కలిసి పనిచేయడం ఈనాటిది కాదు. డాల్మేషియన్ కుక్కలు గుర్రపు బగ్గీల పక్కన, ఒక్కోసారి ఇరుసు కిందే, మైళ్ల కొద్దీ పరుగెత్తేవి. మంటలార్పే బళ్లను గుర్రాలు లాగిన రోజుల్లో వాటికి తోడుగా పరుగెత్తినవీ అవే. ఇంగ్లండులో నక్కల వేటకు వెళ్లిన గుర్రాల చుట్టూ ముప్పై, నలభై వేటకుక్కలు తిరిగేవి. గుర్రానికి కుక్కంటే చావుభయమే అయితే ఇవేవీ జరిగేవి కావు.

నేను ముప్పై ఏళ్లుగా గుర్రాలతోనే ఉన్నాను. మొదటి వారం బెదురుతాయి, రెండో వారం చూస్తాయి, నెల తిరిగేసరికి పట్టించుకోవు. మీ గుర్రం ఇప్పుడు చూసే దశలో ఉంది. పది రోజులకే విడదీస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కంచెపక్క

పాతరౌతు గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ మాట ఒప్పుకోలేను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. దాని ఒళ్లంతా అందుకు తగ్గట్టే ఉంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, మెడ తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. కనపడనిది రెండే చోట్ల: ముక్కుకి సరిగ్గా ముందు, తోక వెనక. కుక్క లాంటి చిన్న జంతువు దూరేదీ ఆ రెండు చోట్లకే.

పైగా గొర్రెల్ని కాసే కుక్క చేసేది సగం వేట. తల దించి, చూపు నిలిపి, వంగి నడుస్తూ చుట్టి రావడం తోడేలు పనే. చివర్న పట్టి చంపడం ఒక్కటే మనుషులు తరాలుగా తగ్గించుకుంటూ వచ్చారు. మొరిగే కుక్క కరవదని అనుకుంటాం కదా, గుర్రానికి ఆ లెక్క వేరు. మొరిగే కుక్క ఎక్కడుందో దానికి తెలుస్తూనే ఉంటుంది. చప్పుడు లేకుండా వంగి నడిచే కుక్కే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

నాలుగేళ్ల కిందట నా కుక్కను అలాగే పోగొట్టుకున్నాను. రెండేళ్లు ఒకే దొడ్లో తిరిగాయి. ఒకరోజు గుర్రం మేస్తుంటే వెనక కాలి మడమ దగ్గర పళ్లు ఆనించింది, ఆటకే. గుర్రం తల కూడా ఎత్తలేదు, ఒక్క తన్ను. నేను పది అడుగుల దూరంలో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాను. గుర్రం మళ్లీ మేతలో పడింది. దాని తప్పు పిసరంత కూడా లేదు, తప్పు నాదే. ఇరవై కిలోల ప్రాణిని నాలుగు వందల కిలోల ప్రాణి కాళ్ల దగ్గర వదిలి, అలవాటైందని నమ్మాను.

పాతరౌతు

చదివి బాధేసింది. మీ బాధను తక్కువ చేయను. కానీ అక్కడ లోపం కుక్కకు ఇచ్చిన శిక్షణలో ఉంది. మడమల జోలికి పోని కుక్కను గుర్రం ఎందుకు తంతుంది? వేటకుక్కలకు ముందు నేర్పేదే గుర్రం కాళ్లకు దూరంగా ఉండడం.

కంచెపక్క

అదే వేటలో తన్నే గుర్రానికి తోకకు ఎర్ర రిబ్బను కడతారు, వెనకవాళ్లు జాగ్రత్తపడాలని. అన్ని గుర్రాలూ అలవాటు పడేవే అయితే ఆ రిబ్బను అవసరం ఏముంది?

పాతరౌతు

రిబ్బను ఒక్క కుక్కల కోసమే కాదండీ, వెనకొచ్చే గుర్రాల కోసం, రౌతుల కోసం కూడా. అయినా మీరన్నదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను. కొన్ని గుర్రాలు ఎన్నేళ్లయినా మారవు.

డెక్కచప్పుడు

పశువైద్యంలో ఉన్నాను. మీరిద్దరూ గుర్రం పరుగెత్తిందా, తన్నిందా అన్నదే చూస్తున్నారు. ఆ రెంటికీ మధ్య మూడోది ఉంది, బిగుసుకుపోవడం. తెల్లచుక్క గారు చెప్పిన గడ్డిపరక అదే.

భయం వేస్తే గుర్రం ముందు దూరం జరుగుతుంది. జరగడానికి చోటు లేకపోతే, ఎంత జరిగినా కుక్క వెంటపడుతుంటే, కొన్ని గుర్రాలు కదలడమే మానేస్తాయి. పైకి చూస్తే ఎంత మంచి గుర్రమో అనిపిస్తుంది, లోపల గుండె వేగంగా కొట్టుకుంటూనే ఉంటుంది. అలవాటు పడడం అంటే ఎదురుగా ఉన్నదాన్ని ఇక లెక్కచేయకపోవడం. మీ గుర్రం లెక్కచేస్తోంది, చెవి చెబుతోంది.

కాళ్ల నుంచి మొదలుపెట్టి చూడండి. స్థిమితంగా ఉన్న గుర్రం ఒక వెనక కాలు వదులుగా మడిచి డెక్క కొస మాత్రమే ఆనిస్తుంది. కింది పెదవి జారి ఉంటుంది. చెవులు చెరో వైపు వాలిపోతాయి. బిగుసుకున్న గుర్రం నాలుగు కాళ్ల మీదా బరువు వేసి, ఏ క్షణమైనా దూకడానికి సిద్ధంగా ఉంటుంది. దవడ రాయిలా ఉంటుంది, ముక్కుపుటాలు గట్టిపడతాయి, కంటి పైన ముడత లేస్తుంది. ఇక చెవులు మెడకు అతికించి తోక విసిరిందంటే అది ఆఖరి హెచ్చరిక. అప్పటికీ కుక్క తప్పుకోకపోతే తన్ను ఖాయం.

దీనికంటే ముఖ్యమైన సంగతి నిద్ర. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, కానీ కలలొచ్చే నిద్ర పట్టాలంటే నేల మీద పడుకోవాల్సిందే. రోజుకు అరగంటో గంటో దొరికితే చాలు దానికి. అయితే తనకు క్షేమం అనిపించని చోట పడుకోదు. చాలా రోజులు అలా గడిస్తే నిలబడే తూలి ముందు కాళ్ల మీద కూలుతుంది, మోకాళ్ల మీద గాయాలు కనబడతాయి. పొద్దున్నే వెళ్లి మీ గుర్రం పక్కటెముకల మీద మట్టి, జూలులో గడ్డి అంటుకుని ఉన్నాయేమో చూడండి. పది రోజులుగా ఏమీ లేకపోతే అది పడుకోవడం లేదని అనుమానించాలి.

వాసన గురించి కూడా ఒక మాట. తోడేలు వాసన చూపించి గుర్రాలను పరీక్షించిన పరిశోధన 2008లో వచ్చింది. వాసన ఒక్కటే అయితే అవి కాస్త అప్రమత్తమయ్యాయి గానీ పెద్దగా బెదరలేదు. అదే వాసన ఉండగా ఉన్నట్టుండి చప్పుడు చేస్తే మాత్రం మామూలు కంటే గట్టిగా బెదిరాయి. ఇంట్లో కుక్క విషయంలోనూ అంతే. పది రోజులు ఏమీ జరగలేదు కదా అనుకుంటాం. పదకొండో రోజు రేకు ఎగిరి పడిన చప్పుడుకు, ఆ క్షణంలో పక్కనే కుక్క ఉన్నందుకు, రెండూ కలిసి పేలతాయి.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి: గుర్రానికి ఐవర్‌మెక్టిన్ నులిపురుగుల మందు వేసిన రోజుల్లో కుక్కను పేడ దగ్గరికి రానివ్వకండి. కోలీ లాంటి, గొర్రెల్ని కాసే కొన్ని జాతుల కుక్కల్లో ఉండే ఒక జన్యులోపం వల్ల ఆ మందు వాటి మెదడులోకి వెళ్లి ప్రాణం తీయగలదు. మీది గొర్రెల్ని కాసే జాతి అన్నారు కాబట్టి మరీ చెబుతున్నాను.

మేకలమంద

తెల్లచుక్క గారూ, మీ గుర్రం ఒంటరిదా? ఎవరూ ఈ మాట అడగలేదు. మందలో ఒకటి పడుకుంటే ఇంకొకటి నిలబడి కాపలా కాస్తుంది. ఒంటరి గుర్రానికి ఆ కాపలా లేదు. అందుకే కుక్క దానికి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

గుర్రాలకు మేకను తోడుంచడం పాత పద్ధతి. కానీ తోడును ఎంచుకునేది గుర్రమే, మనం కాదు. అమెరికాలో 1930ల నాటి పేరున్న పందెం గుర్రం సీబిస్కట్ కథ చూడండి. కుదురుగా ఉండదని దాని శిక్షకుడు ముందు ఒక మేకను తోడిచ్చాడు. సీబిస్కట్ దాన్ని పట్టి ఊపి బయటికి విసిరేసింది. తర్వాత పంప్‌కిన్ అనే నెమ్మదైన గుర్రాన్ని తెస్తే దాంతో కలిసిపోయింది. చివరికి ఒక వీధికుక్క, ఒక కోతి కూడా వాటితోనే పడుకునేవి. ముందు తన జాతిది పక్కన చేరింది, కుక్క తర్వాత వచ్చింది. ఆ వరుస నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

గాడిదను తెద్దామని మాత్రం ఎవరైనా చెబితే ఆలోచించండి. గాడిద గుర్రానికి మంచి తోడే, కానీ చాలా గాడిదలకు కుక్కంటే పడదు. గొర్రెల మందకు కాపలా పెట్టేది అందుకే. మీ కుక్కను తరిమి తొక్కే ప్రమాదం ఉంది.

ఎప్పుడూ చూడని జంతువు సంగతి ఇంకోలా ఉంటుంది. పూర్వం పర్షియా రాజు సైరస్ లిడియా రాజ్యపు గుర్రపు దళానికి ఎదురుగా ఒంటెలను నిలిపితే, వాటి వాసనకు, ఆకారానికి గుర్రాలు వెనక్కి తిరిగి పారిపోయాయని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అవే గుర్రాలు పుట్టినప్పటి నుంచి ఒంటెల మధ్య పెరిగి ఉంటే గడ్డి మేస్తూ ఉండేవి. కాబట్టి బుద్ధి మారదన్న మాట పూర్తిగా నిజం కాదు, కంచెపక్క గారూ.

నల్లజూలు

ఆట గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇటలీలో పీసా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో కుక్కలూ గుర్రాలూ ఆడుకుంటున్న వీడియోలను పరిశీలించారు. ఒకటి నోరు వదులుగా తెరిచి ఆటముఖం పెడితే రెండోది వెంటనే అదే ముఖం పెడుతోందట. కుక్క గుర్రం ముందు వెల్లకిలా పడుకోవడం కూడా వాటిలో కనిపించింది. తన్నుతుందన్న భయమో, కరుస్తుందన్న భయమో ఉంటే ఇది సాధ్యమా? ఒకదాని మాట ఒకటి నేర్చుకోగలవు.

కంచెపక్క

ఆ పరిశోధన తప్పని నేననను. కానీ ఆడుకున్న జంటలనే జనం వీడియో తీసి పెడతారు. నా కుక్క చివరి రోజు వీడియో ఏదీ లేదు.

మేకలమంద గారూ, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే వేరని ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం గుర్రానికి పదకొండేళ్లు.

డెక్కచప్పుడు

నల్లజూలు గారూ, ఆడుకునే జంటల్లో చూడాల్సింది గుర్రానికి వెళ్లిపోయే వీలుందా అన్నది. వీలుండీ ఆగితే అది ఇష్టం. కట్టేసి ఉండగానో, మూలకు చేరినప్పుడో ఆగితే ఆ నిలబడడానికి విలువ లేదు. తెల్లచుక్క గారికి నా సలహా ఇదే: కుక్కకు గొలుసు వేయండి, గుర్రానికి వేయకండి. మధ్యలో కంచె ఉండాలి. గుర్రం నమలడం మొదలుపెట్టిన క్షణంలో కుక్కను అవతలికి తీసుకెళ్లండి. స్థిమితపడితే కుక్క వెళ్తుందని గుర్రానికి తెలియాలి. రోజుకు పది నిమిషాలు చాలు.

తెల్లచుక్క

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు. మా గుర్రం ఒంటరిదే, తోటి గుర్రం పోయిన ఏడాది చనిపోయింది. ఆ సంగతి ముందే రాయాల్సింది.

డెక్కచప్పుడు గారు చెప్పిన మర్నాడే పొద్దున్నే వెళ్లి చూశాను. ఒళ్లంతా శుభ్రంగా ఉంది, మట్టి మరక ఒక్కటీ లేదు. అది చూసి ఏడుపొచ్చింది. పది రోజులు అది పడుకోలేదన్నమాట, నేను నెమ్మదస్తురాలని మురిసిపోయాను.

ఆరోజే మధ్యలో కంచె వేశాం. కుక్క గొలుసుతో మాత్రమే వస్తుంది. ఐదో రోజు పొద్దున ఎడమ పక్కటెముకల మీద మట్టి, జూలులో ఎండుగడ్డి కనిపించాయి. రెండు వారాలకు గుర్రం తనంతట తానే కంచె దగ్గరికి వచ్చి, మెడ చాచి కుక్కను వాసన చూసింది. చూసి, తిరిగి మేతకు వెళ్లిపోయింది. మెడ చాచినంతసేపూ నములుతూనే ఉంది. ఇంకో ముసలి గుర్రాన్ని తెచ్చే ప్రయత్నంలో కూడా ఉన్నాం.

మావారు కంచె ఎప్పుడు తీద్దామని అడుగుతున్నారు.

పాతరౌతు

ఆ ముసలి గుర్రం వచ్చి, రెండూ పక్కపక్కన పడుకోవడం చూశాక తీయండమ్మా. నెల అని నేనన్నది తొందరపాటు మాట. అది వెనక్కి తీసుకుంటున్నాను.

కంచెపక్క

నేనైతే తీయను. వాసన చూసుకోవడానికి కంచె అడ్డం కాదు, తన్నుకు మాత్రం అడ్డమే.