బతుకమ్మకు వరండాలో రంగుల జంపఖానా: ఎవరెవరు వస్తారు?

అందరికీ నమస్కారం. మన న్యూజెర్సీ బతుకమ్మకు సెంటర్ గుమ్మం ముందు ఈసారి అద్దె కార్పెట్ వద్దు, కాంక్రీటు మీదే వరంగల్ జంపఖానా పెయింట్ చేద్దాం. 2018లో జీఐ (ఫలానా ఊరి సొంత సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన నేత అది, మన పిల్లలు దాని డిజైన్ చూడాలని నాకు గట్టి కోరిక. పైగా మగ్గం మీది పని కాబట్టి చారలు, మెట్లమెట్లుగా వచ్చే వజ్రాలే ఎక్కువ. టేపుతో వేయడానికి చాలా వీలు. ఎనిమిదడుగులు బై ఐదు, ఎరుపు మీద నీలం. పద్మం, శంఖం, ఓం మాత్రం వద్దు, అందరూ తొక్కే చోటు.

అసలు పనంతా టేపు అంచు దగ్గరే. టేపును గోటితో గట్టిగా రుద్ది, ముందు కింది ఎరుపునే అంచు వెంట పలచగా పూయాలి. సందులు మూసుకుంటాయి. అది ఆరాక నీలం వేస్తే గీత కోసినట్టు వస్తుంది. నీలం గట్టిపడకముందే టేపు మెల్లగా లాగేయాలి. చివర్ల కుచ్చులకు టేపు పనికిరాదు, సన్న బ్రష్‌తో వేయాలి. ముగ్గు చేయి తిరిగిన పిన్నిగార్లు దయచేసి రండి.

— అక్కా, ప్రెషర్ వాషర్ నేను తెస్తా. శనివారం కడిగితే ఆదివారానికి ఆరుతుందా?

— అనుమానమే తమ్ముడూ, బుధవారమే కడిగేద్దాం. శుక్రవారం రాత్రి ప్లాస్టిక్ షీటు ముక్క నాలుగు వైపులా అంటించి వదిలెయ్. పొద్దున దాని కింద చెమ్మ ఉంటే ఇంకా ఆగాలి. నీళ్ళు చల్లినప్పుడు ఇంకకుండా చుక్కలుగా నిలబడితే పాత సీలర్ (నీళ్ళు ఇంకకుండా వేసే పూత) ఉన్నట్టు, అది తీసేదాకా రంగు పట్టదు.

— వదినా, మంచు పడితే జారదా? బతుకమ్మ ఎత్తుకొని వచ్చేవాళ్ళకు కాళ్ళ కింద నేల కనబడదు.

— అందుకే చివరి పూతలో జారకుండా ఉండే పొడి కలపాల్సిందే. ఆ ఖర్చు దగ్గర కమిటీ వెనకాడొద్దు. పెయింట్ కూడా గోడలది కాదు, పోర్చ్ అండ్ ఫ్లోర్ పెయింటే కొనాలి. పలచగా రెండు పూతలు, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి పెరిగితే సరిగా అతుక్కోదు, కాబట్టి సెప్టెంబరు దాటనివ్వొద్దు. పండుగకు పది రోజుల ముందే పూర్తవ్వాలి.

చాక్‌లైన్ (తిన్నని గీత కొట్టే సుద్ద దారం), మోకాళ్ళ ప్యాడ్లు ఎవరి దగ్గరున్నాయో ఇక్కడే చెప్పండి.