లింగమార్పిడి శస్త్రచికిత్సకు ఒప్పుకోని మా చెల్లి తరఫున గురువుగారికి ఎలా నచ్చజెప్పాలి?

మాది అమలాపురం దగ్గర పల్లె. మగబిడ్డగా పుట్టిందని అందరూ అనుకున్న మా చెల్లి కొంతకాలంగా కాకినాడలో స్త్రీగానే జీవిస్తోంది. అక్కడి హిజ్రా జమాత్ (గురువు పెద్దరికంలో కలిసి బతికే హిజ్రాల సముదాయం) గురువు, శస్త్రచికిత్స చేయించుకుంటేనే తనను పూర్తిగా తమ మనిషిగా ఒప్పుకుంటామంటున్నారు; చదువుకుంటున్న ట్రాన్స్ స్నేహితులు మాత్రం, ఎవరి లింగ గుర్తింపును వారే చెప్పుకోవచ్చని, అందుకు శస్త్రచికిత్స షరతు పెట్టడం చట్టవిరుద్ధమని 2014 నాటి నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టే చెప్పిందని వాదిస్తున్నారు. నా మనసు స్నేహితుల మాటవైపే ఉంది గానీ, ఇంట్లోంచి వెళ్లగొట్టిన రాత్రి దానికి అన్నం పెట్టింది ఆ గురువే. చెల్లికి చీర, జడ ప్రాణం. కత్తి అంటే భయం. శస్త్రచికిత్స లేకుండానే జమాత్‌తో బంధం నిలుపుకున్నవారు, తమ పెద్దలకు ఏమని నచ్చజెప్పారో దయచేసి తెలియజేయగలరు.