కోవిడ్ తేలిగ్గానే తగ్గింది, మతిమరుపు మాత్రం పోలేదు: జబ్బు వల్లా, వయసు వల్లా?

చిత్తూరు మండి:
మా నాన్న బెల్లం మండిలో గుమాస్తా. రెండో వేవ్‌లో కోవిడ్ వచ్చింది, ఆసుపత్రి దాకా పోకుండా ఇంట్లోనే తగ్గిపోయింది. అంతకుముందు దిమ్మెలు కాటా మీద ఉండగానే బరువు, ధర, కమీషన్ అన్నీ నోటిలెక్కగా చెప్పేసేవాడు. ఇప్పుడు ధర దగ్గరికి వచ్చేసరికి బరువు మర్చిపోతున్నాడు. మళ్లీ కాటా వైపు చూస్తాడు. అందరూ వయసంటున్నారు. ఆయనకింకా 55 కూడా నిండలేదు. ఇది కోవిడ్ పనేనని నా నమ్మకం.

బైరాగిపట్టెడ:
తమ్ముడూ, ఆ రోజులు ఎవరిని వదిలాయి చెప్పు? 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆగాయి, జూన్ దాకా తిరుపతిలో లాడ్జీలు, జీపులు, అంగళ్లు అన్నీ మూతే. అప్పులు, టెన్షన్, నిద్రలేమి. కోవిడ్ రాని మా అన్న కూడా పేర్లు తడుముకుంటున్నాడు. బ్రిటన్‌లో 50 దాటినవాళ్లను గమనిస్తే, కోవిడ్ రానివాళ్లకూ ఆ ఏడాది జ్ఞాపకశక్తి తగ్గిందని తేలింది. అంతా కోవిడ్ ఖాతాలో రాసేస్తే ఎట్లా?

అలిపిరి:
అన్నా, లాక్‌డౌన్ దెబ్బ నిజమే. అయితే 2022లో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన సరిగ్గా ఈ చిక్కునే విప్పింది. జనం ఆరోగ్య వివరాలు దాచే బ్రిటన్ సంస్థ యూకే బయోబ్యాంక్‌లో 785 మందికి కోవిడ్‌కు ముందే మెదడు స్కాన్ తీసి ఉంది. తర్వాత 401 మందికి కోవిడ్ వచ్చింది, ఎక్కువమందికి తేలిగ్గానే. అందరికీ రెండోసారి స్కాన్ తీశారు. లాక్‌డౌన్ రెండు గుంపులకూ ఒకటే. అయినా కోవిడ్ వచ్చినవాళ్లలో వాసనతో ముడిపడిన భాగాలు 0.2 నుంచి 2 శాతం దాకా ఎక్కువ తగ్గాయి. అంకెలు, అక్షరాలు మార్చి మార్చి కలిపే పరీక్షలో వాళ్లే ఎక్కువ వెనకబడ్డారు. మండిలో బరువు గుర్తుంచుకుని ధర కట్టడం కూడా దాదాపు అలాంటి పనే కదా!

బైరాగిపట్టెడ:
వాళ్లంతా 51 నుంచి 81 ఏళ్లవాళ్లు. రెండో స్కాన్ జబ్బు చేసిన సగటున నాలుగున్నర నెలలకు తీసింది. దాన్ని పట్టుకుని జీవితాంతం ఇంతేనని పిల్లవాణ్ని భయపెట్టకూడదు.

అలిపిరి:
జీవితాంతమని నేనెక్కడన్నాను? 2024లో ఇంగ్లండ్‌లో లక్షమందికి పైగా పరీక్షిస్తే, కోవిడ్ రానివాళ్లతో పోలిస్తే పూర్తిగా కోలుకున్నవాళ్లకు సగటున ఐక్యూ 3 పాయింట్లకు సమానమైన తగ్గుదల, లక్షణాలు ఇంకా ఉన్నవాళ్లకు 6 కనిపించాయి. నెలల తరబడి బాధపడి ఆ తర్వాత తేరుకున్నవాళ్లు మాత్రం త్వరగా తగ్గినవాళ్లతో సమానంగానే ఉన్నారు. ఒమిక్రాన్ నాటికి తేడా ఇంకా తగ్గింది. ఇవన్నీ గుంపు సగటులు. మీ నాన్న సంగతి వీటితో తేలదు తమ్ముడూ. ముందు బి12, థైరాయిడ్, షుగర్ చూపించు. నిద్రెలా ఉందో, మనసు దిగులుగా ఉందేమో అడుగు. మందుతో తగ్గేది ఏదైనా ఉంటే, కోవిడే అనుకుని వదిలేస్తే నష్టం ఆయనకే. డాక్టరు దగ్గర "మతిమరుపు" అని ఒక్క మాటతో సరిపెట్టకు, కాటా దగ్గర జరిగేది ఇక్కడ రాసినట్టే చెప్పు.

చిత్తూరు మండి:
సోమవారం తీసుకెళ్తున్నా అన్నా. రిపోర్టులు వచ్చాక ఇక్కడే పెడతాను.