4294967297 గురించి కంప్యూటర్ అంతా చెప్పేశాక ఇంకేం మిగిలింది?

గణితాభిమాని:
2^32 + 1 తీసుకోండి, అంటే 4294967297. నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాస్తే చాలు, రెప్పపాటులో జవాబొస్తుంది: 641 × 6700417. భాజకాలు నాలుగే, వాటి మొత్తం 4301668356. బైనరీలో రెండు చివర్లా 1, మధ్యలో 31 సున్నాలు. ఇంకేం కావాలి? ఇంత పెద్ద సంఖ్యకు చేత్తో కారణాంకాలు వెతకడం టైమ్ వేస్ట్ అని నా వాదన.

శేషం_సున్నా:
ఒప్పుకోనండి. 641 అని తెలిసింది, సరే. 641 ఎందుకైంది?
2^(2^n) + 1 రూపంలో ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 3, 5, 17, 257, 65537 దాకా నిజమే. ఆ తర్వాతిదే మన సంఖ్య. 1732లో ఆయిలర్ 641ని పట్టుకున్నాడు. దీని ప్రధాన భాజకం ఏదైనా 64k + 1 రూపంలోనే (64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే) ఉండాలని నిరూపించింది కూడా ఆయనే. అది తెలిస్తే 193, 257, 449, 577 దాటగానే 641. ఐదో ప్రయత్నానికే దొరుకుతుంది!

అసలు భాగహారమే అక్కర్లేదు. 641 = 5×2^7 + 1. కాబట్టి 5×2^7ని 641తో భాగిస్తే శేషం −1 (అంటే 641 గుణిజానికి ఒకటి తక్కువ). నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5^4 × 2^28కి శేషం 1. కానీ 641 = 5^4 + 2^4 కూడా! అందుకని 5^4 ఉన్నచోట −2^4 పెట్టొచ్చు. అప్పుడు −2^32కి శేషం 1, అంటే 2^32 + 1కి శేషం సున్నా. ఇది మొదటిసారి కాగితం మీద చేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మీ జాబితాలో ఇదెక్కడుంది?

కోడ్_రాసేవాణ్ణి:
మరీ అంత కొట్టిపారేయకండి. ఫెర్మా చేతిలో కంప్యూటర్ ఉంటే ఆ పొరపాటే జరిగేది కాదు కదా.

శేషం_సున్నా:
జరిగేది కాదు, నిజమే. కానీ ఇదే వరుసలో 2^(2^20) + 1ని చూడండి. మూడు లక్షలకు పైగా అంకెలు. అది ప్రధాన సంఖ్య కాదని ఖాయంగా తెలుసు, ఒక్క కారణాంకం కూడా ఇంతవరకు దొరకలేదు. ఆ లెక్క చేసింది కంప్యూటరే. ఏ లెక్క చేయాలో చెప్పింది మాత్రం పెపాన్ సిద్ధాంతం, ఈ వరుసలోని సంఖ్య ప్రధానమా కాదా అని భాజకాలు వెతక్కుండానే తేల్చే పరీక్ష, 19వ శతాబ్దానిది. భాజకాల జాబితా ఖాళీగా ఉన్నా లక్షణం తెలిసింది. అందుకే రెండూ ఒకటి కాదంటున్నాను.

గణితాభిమాని:
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక డౌటు మాత్రం. 6700417 ప్రధానమని ప్రోగ్రామ్ లేకుండా తేల్చగలమా?

శేషం_సున్నా:
దాని ప్రధాన భాజకాలు మన సంఖ్యకూ భాజకాలే, కాబట్టి అవీ 64k + 1 రూపంలోనే ఉండాలి. వర్గమూలం 2589 లోపే. 641 కంటే చిన్నవి ముందే పోయాయి. మిగిలిన ప్రధాన సంఖ్యలు ఏడే: 641, 769, 1153, 1217, 1409, 1601, 2113.

గణితాభిమాని:
ఇప్పుడే కూర్చుని చేశాను. ఏడు భాగహారాలు, దేనితోనూ పోలేదు. ఆఖరిది 2113, శేషం 94.