రెండు భాషలొస్తే బుర్ర పదునెక్కుతుందా?

గోదారిగట్టు: ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళ నోట అరబ్బీ. కోనసీమలో ఇది మామూలే. ఇన్ని భాషలైతే పిల్లలు తికమకపడతారని కొందరు, చురుకవుతారని కొందరు. ఆధారాలతో చెప్పండి.

కొబ్బరాకు: తికమక సంగతి పాత పాటండి. 1920ల్లో బ్రిటన్‌లోని వేల్స్‌లో రెండు భాషల పిల్లలకు తెలివి పరీక్షల్లో మార్కులు తగ్గాయన్నారు. తగ్గింది పల్లె పిల్లలకే, పట్నాల్లో ఆ తేడా లేదు. అంటే దోషం భాషది కాదు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో ఒకే స్థాయి కుటుంబాల పదేళ్ళ పిల్లల్ని పోలిస్తే రెండు భాషలవాళ్ళే ముందున్నారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు రోగుల్ని చూసి 2013లో అచ్చేసింది: రెండు భాషలు వచ్చినవాళ్ళలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలోనూ ఆలస్యంగానే మొదలైంది. ఇంకేం కావాలి?

లాకులదగ్గర: చాలా కావాలండి. మాంట్రియల్‌లో రెండు భాషలూ సమానంగా వచ్చిన పిల్లల్నే ఏరుకున్నారు. తెలివైనవాళ్ళకే రెండూ బాగా వచ్చాయేమో? నిమ్స్‌లో చూసింది ఆసుపత్రికి వచ్చినవాళ్ళని. జబ్బు ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ళు గుర్తుచేసుకుని చెప్పాలి. పైగా మూడో భాషతో అదనపు లాభం కనిపించలేదని వాళ్ళే రాశారు. ఇక పిల్లల విషయానికొస్తే, 2019లో అమెరికాలో 9–10 ఏళ్ళవాళ్ళు 4,500 మందికి పైగా పరీక్షిస్తే ఏకాగ్రతలో రెండు భాషలవాళ్ళకు మొగ్గేమీ లేదు. 2018లో పెద్దల మీద జరిగిన 152 అధ్యయనాలు కలిపి, అచ్చుకాని ఫలితాల లోటును సరిచేస్తే, ఉన్న కాస్త లాభమూ ఆవిరైపోయింది.

పలకాబలపం: ఇద్దరూ ఏకాగ్రత పరీక్ష ఎలా పెడతారో వదిలేశారు, అసలు తిరకాసంతా అక్కడే. అలాంటి ఒక పరీక్షలో "ఎరుపు" అన్న మాటను నీలం సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటారు. మాట చదవబోయే నాలుకని ఆపుకోవాలి. ముందు ఉత్త రంగు గళ్ళు 30, తర్వాత ఇలాంటి మాటలు 30, రెండింటికీ పట్టిన సెకన్ల తేడాయే లెక్క. తెలుగు చదవడం సరిగ్గా రాని ఇంగ్లీషు మీడియం పిల్లాడికి ఇదే పెట్టండి. అక్షరాలు వాడికి అడ్డే రావు, తేడా తక్కువొస్తుంది. "ఆహా, మనసు ఎంత అదుపులో ఉందో" అని రాసేస్తాం! చదివే వేగం ముందు కొలవకపోతే ఆ అంకె చెత్తబుట్టకే. ఇంకోటి, "ఆకుపచ్చ" పలకడానికి ఇంగ్లీషు "గ్రీన్" కన్నా ఎక్కువ సమయం పడుతుంది. అంచేత తెలుగు కాగితం సెకన్లని ఇంగ్లీషు కాగితం సెకన్లతో నేరుగా పోల్చకూడదు.

కొబ్బరాకు: ఆయ్, అది ఒప్పుకోవాల్సిందే. మరి మాటలు తక్కువొస్తాయన్న ఫిర్యాదో?

పలకాబలపం: ఒక్కో భాషలో విడిగా చూస్తే తక్కువే ఉంటాయి, పెద్దవాళ్ళకీ పేరు నాలుక చివర ఆగిపోవడం కాస్త ఎక్కువే. కానీ పిల్లాడికి "గుమ్మడికాయ" తెలుగులోనే, "ట్రయాంగిల్" ఇంగ్లీషులోనే తెలుసనుకోండి. ఒక్క భాషలో అడిగితే రెంటిలో ఒకటి సున్నా. ఏ భాషలో చెప్పినా ఒప్పుకుని లెక్కేయండి, చాలావరకు లోటు పూడుతుంది.

లాకులదగ్గర: పూడనివ్వండి. లోటు లేదన్నంత మాత్రాన పదును ఉన్నట్టు కాదు. ముసలితనంలో లాభం సంగతి నేను కొట్టిపారెయ్యను గానీ, దాన్ని చూపించి ఎల్‌కేజీ పిల్లాడితో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమనడం మాత్రం ఒప్పుకోను. నిమ్స్ రోగుల్లో చదువురాని వాళ్ళు రెండో భాష నేర్చింది బళ్ళో కాదుగా!