కరోనాలో జనం మాట విన్నది జరిమానాకా, భయానికా, నమ్మకానికా?

కృష్ణాతీరం:
మళ్ళీ అలాంటి రోగం వస్తే జనం మాట వింటారా అని మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. మా బావ తేల్చేశాడు, "వెయ్యి రూపాయలు ఫైన్ వేస్తే చచ్చినట్టు వింటారు" అని. నాకు అది మింగుడు పడలేదు. 2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు గుర్తు చేసుకోండి. ఆ ఆదివారం ఎవరికీ ఫైన్ లేదు. అయినా మా బెజవాడ బందరు రోడ్డు మీద పిల్లి కూడా తిరగలేదు. ఏడాది తిరిగేసరికి, 2021 ఏప్రిల్‌లో తెలంగాణలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది, మాస్కు మాత్రం గడ్డం కింద ఉంది. జనం వాళ్ళే, రోగం ఇంకా ముదిరింది. మరి ఏం మారింది? చెప్పేవాళ్ళ మీద నమ్మకం పోయిందని నేనంటాను. మీరేమంటారు?

ఖాకీ ఇంటి ఆడపడుచు:
నేను ఒప్పుకోనండి. మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్, రెండు వేవ్‌లూ రోడ్డు మీదే ఉన్నారు. కూడలికి వంద గజాల ముందు టోపీ కనబడగానే బండి నెమ్మదించి, జేబులోంచి మాస్కు తీసి తగిలించుకునేవాళ్ళట. అది భయమే, కాదనను. కానీ ఆ భయం వల్లే మాస్కు జేబులో అయినా ఉంది. బస్సెక్కినప్పుడూ, మందుల షాపులో నిలబడ్డప్పుడూ అదే మాస్కు పనికొచ్చింది.
ఇంకో మాట. పద్ధతిగా ఉండేవాడికి ఫైన్ ఒక అండ. పక్కవాడు పెళ్ళికి మూడొందల మందిని పిలిచి దర్జాగా తిరుగుతుంటే, కూతురి పెళ్ళి ఇరవై మందితో చేసినవాడికి కడుపు మండదా? ఒకడి తప్పును ఊరికే వదిలేస్తే పదిమంది మంచివాళ్ళు విసిగిపోతారు.

ఓరుగల్లు బిడ్డ:
అక్కా, నువ్వన్న ఆ కడుపుమంట గురించే నేనూ చెప్తున్న. 2021 ఏప్రిల్ 14న హాలియాలో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక సభ పెట్టిన్రు. 17న పోలింగ్. 19న ముఖ్యమంత్రికే పాజిటివ్ అని ప్రకటించిన్రు. 20 నుంచి రాత్రి 9కి అందరూ ఇండ్లల్ల ఉండాలె అని కర్ఫ్యూ. ఏప్రిల్ 30న మళ్ల మా వరంగల్‌ల, ఖమ్మంల కార్పొరేషన్ ఎన్నికలు! పొద్దంతా ప్రచారం జేసి మా గల్లీల గుంపులు తిరిగిపోయిన్రు, రాత్రి ఇడ్లీ బండాయనను బంద్ జెయ్‌మన్నరు. ఆయన ఏమనుకోవాలె? రోగానికి గూడ టైముంటదా అని అడిగిండు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ వారం నుంచి మా గల్లీల ఎవలూ మాస్కు గురించి ఎవలికీ చెప్పలే.
ఆంధ్రలో ఇట్లాంటిదే 2020 మే 4న అయింది. గుడి బంద్, బడి బంద్, వైన్ షాపు ముందు మాత్రం కిలోమీటరు లైను.

కృష్ణాతీరం:
అవును తమ్ముడూ, ఆ లైను మా వీధి చివరి దాకా వచ్చింది. అంతకుముందు రైతుబజారును మైదానంలోకి మార్చి సున్నంతో గళ్ళు గీస్తే, వంకాయలకు వచ్చినవాళ్ళు బుద్ధిగా ఆ గళ్ళలోనే నిలబడ్డారు. ఆ తర్వాత గళ్ళు చెరిగిపోయాయి, మళ్ళీ గీసినవాళ్ళూ లేరు.

పాత పుటలు:
చరిత్ర చెబితే విసుగు పుట్టదనుకుంటాను. 2020లో మన రెండు రాష్ట్రాలూ ఉత్తర్వులు ఇచ్చింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. బొంబాయి ప్లేగు కోసం తెల్లవాళ్ళు తెచ్చిన చట్టం అది. పుణేలో ప్లేగు అధికారి రాండ్ సైనికుల్ని ఇళ్ళల్లోకి పంపాడు. వంటింట్లోకి, పూజగదిలోకి బూట్లతో వెళ్ళారు, ఆడవాళ్ళని వీధిలో నిలబెట్టి పరీక్షించారు, సామాన్లు తగలబెట్టారు. ప్లేగు ఆగలేదు సరికదా, జనం రోగుల్ని దాచడం మొదలుపెట్టారు. ఆ ఏడాది జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు. అధికారం చేతిలో ఉంటే సరిపోదనడానికి ఇంతకంటే ఏం కావాలి?
ఈ కాలం సంగతికొస్తే, 177 దేశాల లెక్కలు తీసి 2022లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. ప్రభుత్వం మీద, తోటి మనుషుల మీద నమ్మకం ఎక్కువగా ఉన్నచోట ఇన్‌ఫెక్షన్లు తక్కువ. టీకాలు బాగా దొరికిన దేశాల్లో చూస్తే, నమ్మకం ఉన్నచోట టీకా వేయించుకున్నవాళ్ళూ ఎక్కువ.

ఖాకీ ఇంటి ఆడపడుచు:
మాస్టారూ, రాండ్ సైనికులకీ, ఎండలో నిలబడి "అమ్మా, మాస్కు పెట్టుకోండి" అన్న మా నాన్నకీ పోలిక పెడితే బాధగా ఉంది. ఒకటి అడుగుతాను. 2020 మార్చిలో ఊళ్ళకి ఊళ్ళే పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం వేసుకున్నాయి. ఎవరూ వేయమనలేదు. అది ప్రభుత్వం మీద నమ్మకమా? ప్రాణభయం. ఆ భయం తగ్గేసరికి కంపలు తీసేశారు. నమ్మకం నమ్మకం అంటూ భయాన్ని లెక్కలోంచి తీసేయకండి.

ఏఎన్ఎమ్ కూతురు:
ఆ కంపల ఊళ్ళలోనే మా అమ్మ ఊరి నర్సుగా డ్యూటీ చేసింది, ప్రకాశం జిల్లాలో. భయం పనిచేసింది నిజమే, కానీ రెండువైపులా పనిచేసింది. ఒక ఇంటికి పాజిటివ్ వస్తే అంబులెన్స్, తలుపుకి స్టిక్కర్, వీధంతా బ్లీచింగ్. పాలవాడు ఆగడు, బోరింగు దగ్గరికి రానివ్వరు. ఇది చూసిన పక్కింటివాళ్ళు జ్వరం వస్తే చెబుతారా? "ఎండదెబ్బ తగిలిందమ్మా" అని పడుకునేవాళ్ళు. ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని పొలం వెళ్ళిపోయేవాళ్ళు.
రెండో వేవ్‌కి అమ్మ పద్ధతి మార్చింది. జీపు దిగి వెళ్ళడం మానేసి ఆశా కార్యకర్తతో నడిచే వెళ్ళేది. అరుగు మీద దూరంగా కూర్చుని ముందు పిల్లల సంగతి అడిగేది. తర్వాత వేలికి ఆక్సిమీటరు పెట్టి అంకె వాళ్ళతోనే చదివించేది. "94 కంటే తగ్గితే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి" అని మాత్రం చెప్పేది. ఫోన్లు వచ్చాయి. దాచుకోవాల్సిన అవసరం లేదని అర్థమయ్యాక ఎవరూ దాచలేదు.
టీకాకీ అంతే. "ఏమీ కాదు" అని ఏనాడూ అనలేదు. "రాత్రికి జ్వరం వస్తుంది, ఒళ్ళు నొప్పులుంటాయి, రేపు కూలికి వెళ్ళలేవు, ఈ బిళ్ళ వేసుకో" అనేది. చెప్పినట్టే జ్వరం వచ్చేసరికి అమ్మ మాట మీద గురి కుదిరింది.

కృష్ణాతీరం:
"రేపు కూలికి వెళ్ళలేవు" అన్నారు చూడండి, నేను మొదట రాయకుండా వదిలేసింది అదే. ఒక్క గది ఇంట్లో ఐదుగురుంటే విడిగా ఉండమని ఎవరికి చెప్తాం? తెలంగాణలో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకి 1,500, మన దగ్గర కార్డుకి వెయ్యి ఇచ్చారు కాబట్టే ఎన్నో ఇళ్ళు ఆ మొదటి నెల గడప దాటకుండా నెగ్గుకొచ్చాయి. వలస కూలీలకి కాస్త బియ్యం అందినా చేసుకోవడానికి పని లేదు, అద్దె కట్టలేరు. కాబట్టే హైవేల మీద నడిచారు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వాళ్ళ కోసం మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న. లాక్‌డౌన్ పెట్టిన ముప్పై ఏడు రోజులకి! అన్నాళ్ళూ వాళ్ళని నియమం తప్పినవాళ్ళుగా చూశాం.

ఖాకీ ఇంటి ఆడపడుచు:
దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. నాన్న కూడా నడిచి వెళ్ళేవాళ్ళని ఆపలేక చెప్పులు కొనిచ్చారు. కానీ కారులో ఊరేగేవాడికి ఫైన్ ఉండాల్సిందే, ఆ మాట మీద ఉంటాను. సభ పెట్టినవాళ్ళకైతే ముందు వేయాలి.

ఓరుగల్లు బిడ్డ:
ముందు వాళ్లకేస్తే నేను గూడ నీ దిక్కే అక్కా.

ఏఎన్ఎమ్ కూతురు:
ఫైన్ గురించి నాకు పట్టింపు లేదు. నాకు కోపం వేరే దాని మీద. 2021 మేలో టీకాలకి కొరత వచ్చి మొదటి డోసులు ఆపేశారు. ఇంటింటికీ తిరిగి, బతిమాలి ఒప్పించిన ముసలివాళ్ళు తెల్లవారుజామునే వచ్చి ఆధార్ కార్డులు వరసలో పెట్టి కూర్చున్నారు. పదింటికి "స్టాకు లేదు" అని అమ్మే వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. స్టాకు వచ్చాక కబురు పెడితే అందులో సగం మంది రాలేదు. వాళ్ళని జనం వినరు అనే లెక్కలోనే వేశారు.