తెల్లవీ రంగువీ వేరు చేసి ఉతకాలా, అన్నీ కలిపి తిప్పేయొచ్చా?

మాగుంట_లేఅవుట్ (ప్రశ్న)
ఇప్పుడొచ్చేవన్నీ ఫాస్ట్ కలర్లే, చన్నీళ్లలో ఏదీ దిగదు, వేరు చేయడం అమ్మమ్మల కాలం అలవాటు అని ఒక వాదన. కలిపి ఉతికితే ఆరు నెలల్లో తెల్లచొక్కా బూడిదరంగుకు తిరుగుతుందని ఇంకో వాదన. 6.5 కిలోల టాప్ లోడ్ మెషీన్, బోరునీళ్లు, నలుగురి బట్టలు అనుకోండి. మూడు కుప్పలు చేస్తే ప్రతిసారీ మెషీన్ సగం ఖాళీగా తిరుగుతుంది, నీళ్లూ కరెంటూ దండగ. కారణంతో సహా చెప్పగలిగినవాళ్లు చెప్పండి. "మా ఇంట్లో ఎప్పుడూ ఏం కాలేదు" అనే సమాధానాలు వద్దు.

కావలి_సర్వీసు
కలిపేయండి. టాప్ లోడ్ ఒక పూర్తి రౌండుకి 100 లీటర్లు దాటి తాగుతుంది. మూడు కుప్పలంటే 300. పైగా రెండు టవళ్లు, ఒక దుప్పటి లాంటి చిన్న లోడు వేస్తే స్పిన్‌లో బరువంతా ఒక పక్కకి చేరి డ్రమ్ము కొట్టుకుంటుంది. డ్రమ్ముని పట్టి ఉంచే సస్పెన్షన్ రాడ్లు తొందరగా పోయేది అట్టాంటి లోడ్లతోనే. డ్రమ్ము ముప్పాతిక వంతు నిండాలి, పైన జానెడు ఖాళీ ఉండాలి, అప్పుడే బట్ట పైకీ కిందికీ తిరుగుతుంది.
ఇళ్లలో బట్టల్లో సగం పాలిస్టరో, పాలిస్టర్ కలిసిందో. దాని రంగు దిగదు. కొత్తవి మాత్రం రెండు మూడు ఉతుకులు విడిగా తీసుకోండి. అంతకు మించి రంగుల వారీగా కుప్పలు పెట్టుకోవడం చాదస్తం.

చీరాల_అద్దకం
కావలి అన్నా, పాలిస్టర్ వరకు మీ మాట నిజం. దానికి వేసేది డిస్పర్స్ రంగు. ప్రెషర్ పెట్టి 130 డిగ్రీల దగ్గర పోగు లోపలికి ఎక్కిస్తారు. ఇంట్లో ఉతుకుడికి బయటికి రాదు.
నూలు సంగతి వేరు. నూలుకి వేసే రంగులు ఒకటి కాదు, వాటి నడతా ఒకటి కాదు. డైరెక్ట్ రంగు ఉప్పు వేసిన వేడినీళ్లలో పోగును పట్టుకుని ఉంటుంది, అంతే. గట్టి బంధం ఏమీ లేదు. చవక లుంగీలు, లంగాల గుడ్డ, కొన్ని దిండు గలీబులు ఈ బాపతు. ఇవి పదో ఉతుకులో కూడా దిగుతాయి, "రెండు మూడు ఉతుకులు" అనే లెక్క వీటికి పనిచేయదు. రియాక్టివ్ రంగు పోగుతో రసాయనికంగా కలుస్తుంది, కానీ వేసిన రంగంతా కలవదు. కలవని దాన్ని మరిగే నీళ్లలో సబ్బు పెట్టి కడిగి వదిలించాలి. ఆవిరి ఖర్చు, నీళ్ల ఖర్చు మిగుల్చుకోవడానికి ఆ కడుగుడు కుదించిన గుడ్డే మీ టబ్బులోకొచ్చి రంగు దించుతుంది. ఇది మాత్రం మూడు నాలుగు ఉతుకులకి ఆగిపోతుంది. నాఫ్తాల్ అనే రకం రంగుతో వచ్చే ఎరుపు, మెరూన్ నీళ్లకి బాగానే ఆగుతాయి, రుద్దితే రాలతాయి. జీన్సు నీలం కూడా అంతే.
తేడా తెలుసుకోవడం సులువు. మొదటి ఉతుకు జాడింపు నీళ్లు, నాలుగో ఉతుకు జాడింపు నీళ్లు చూడండి. నాలుగోసారి తేటగా ఉంటే రియాక్టివ్, ఇక కలిపేయొచ్చు. అదే చిక్కదనం ఉంటే డైరెక్ట్, అది చిరిగేదాకా విడిగానే.
అసలు గట్టిరంగు అంటే తేలియా రుమాలు అనే పాతకాలపు చేనేత గుడ్డ ఎరుపు. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ఆ తర్వాత అద్దేవాళ్లు. ఆ శ్రమ ఇప్పుడు లంగా గుడ్డకి ఎవరు పెడతారు?

నెల్లూరు_ట్రంకురోడ్డు
అందరూ చన్నీళ్లు చన్నీళ్లు అంటుండారు. యాడుండాయి చన్నీళ్లు? రోహిణి కార్తెలో మిద్దె మీద నల్ల ట్యాంకు మధ్యాహ్నం రెండింటికి తిప్పితే కొళాయి కింద చెయ్యి పెట్టలేం. బట్ట మీద లేబుల్ 30 డిగ్రీలంటుంది, మెషీన్ మీద కోల్డ్ అని నొక్కుతాం, లోపలికి పోయేది మాత్రం వేణ్ణీళ్లే. మెషీన్‌కి చల్లబరిచే పని రాదు కదా.
వేసవిలో కలిపి ఉతకాలనుకుంటే తెల్లారి ఆరు లోపల ఉతకండి. అదే బట్ట, అదే పౌడరు, ఉదయం దిగని రంగు మధ్యాహ్నం దిగుతుంది.

చీరాల_అద్దకం
ఇది ఖాయం. వేడి, నీళ్లలో ఉన్న సేపు, నీళ్లు ఎంత తక్కువ అనే మూడింటిని బట్టే రంగు పక్క బట్టకి ఎక్కుతుంది. అందుకే రాత్రంతా సర్ఫులో నానబెట్టడం మెషీన్ కన్నా ప్రమాదం. ఫ్రంట్ లోడ్ వాడేవాళ్లూ గమనించండి. అది నీళ్లు తక్కువ తీసుకుంటుంది కాబట్టి దిగిన రంగు చిక్కగా ఉంటుంది, హీటర్ కూడా ఉంటుంది. సైకిల్ మధ్యలో కరెంటు పోయి బట్టలు రెండు గంటలు ఆ నీళ్లలోనే పడుంటే ఇక చెప్పేదేముంది.

ఒంగోలు_లాండ్రీ
వేరు చేయాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ అసలు పని వరసలో ఉంది. ఇక్కడ సగం ఇళ్లలో ఉన్నది సెమీ ఆటోమేటిక్. దాంట్లో ఒకసారి నింపిన సబ్బునీళ్లలోనే నాలుగు లోడ్లు తిప్పొచ్చు. ముందు తెల్లవి 8 నిమిషాలు, తీసి స్పిన్నర్లో వేయండి. అవే నీళ్లలో లేతరంగువి, తర్వాత ముదురువి, చివరికి డోర్ మ్యాట్లు, మసిగుడ్డలు. మధ్యలో రెండు చెంచాల పౌడరు కలిపితే చాలు. టబ్బు 40, 50 లీటర్లు ఒక్కసారే నింపినట్టు. వేరు చేసినా ఉతుకు నీళ్లు చుక్క ఎక్కువ కావు. జాడింపు ఎటూ తప్పదు. కావలి గారి 300 లీటర్ల లెక్క ఫుల్లీ ఆటోమేటిక్‌కే.
ఇంకో సంగతి. రంగు కన్నా ముందు చూడాల్సింది మురికి. చీమకుర్తి క్వారీ పని బట్టలు, పొగాకు కొట్టినప్పటి బట్టలు, రొయ్యల చెరువు బురద బట్టలు ఏ రంగువైనా సరే ఇంటి బట్టలతో కలపకూడదు. గ్రానైట్ పొడి ఇసుక కాగితంలా పక్క బట్టని అరగదీస్తుంది, లింట్ ఫిల్టర్లో ముద్దకడుతుంది. పొడిగా ఉన్నప్పుడే బయట దులపాలి. తడిపాక దులిపేదేం ఉండదు. పచ్చి పొగాకు జిగురు తెల్లదానికి అంటితే ముదురు మరక పడుతుంది, అది అద్దకం రంగు కన్నా మొండిది.

కావలి_సర్వీసు
సెమీ సంగతి ఒప్పుకున్నా. కానీ మురికి వేరు చేస్తే ఒక లోడు, రంగు వేరు చేస్తే ఇంకో లోడు. ఫుల్లీ ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ఒంగోలు_లాండ్రీ
రోజూ తిప్పడం మానాలి. తెల్లవి నాలుగు రోజులవి పోగేసి ఒకే లోడు. కాకపోతే చెమట తడితో మూసిన బుట్టలో కుక్కకూడదు, మన తేమకి రెండో రోజుకే బూజు చుక్కలు పడతాయి. దండెం మీద ఆరేసి తర్వాత బుట్టలో వేయండి.

కనిగిరి_నీళ్లు
ప్రశ్నలో ఒక మాట ఎవరూ పట్టించుకోలేదు. తెల్లచొక్కా "బూడిదరంగుకు" తిరుగుతుందట. రంగు దిగితే ఎక్కువగా గులాబీనో నీలమో పడుతుంది, బూడిద తక్కువ. బూడిదకి ఎక్కువసార్లు కారణం బోరునీళ్లు. మా పడమటి మండలాల్లో ఫ్లోరైడ్ గురించే మాట్లాడుకుంటాం గానీ బట్టని పాడుచేసేది కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం. బిల్ల సబ్బు ఈ నీళ్లలో విరిగిపోతుంది. ఆ విరిగిన తెట్టు పోగులో కూర్చుని మురికిని పట్టి ఉంచుతుంది. కుప్పలు ఎన్ని చేసినా ఇది ఆగదు.
తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. మీ నీళ్లు 400 అనుకుంటే 15 లీటర్ల బకెట్‌కి 6, 7 గ్రాముల బట్టల సోడా, అంటే ఒకటిన్నర టీస్పూను. బట్టలు వేయకముందే కలిపి పావుగంట వదలండి. అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లు వంచుకుని అప్పుడు పౌడరు వేయండి. పట్టుకీ ఉన్నికీ సోడా వద్దు.
ఇప్పటికే బూడిదైన నూలుకి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. 15 లీటర్లకి రెండు టేబుల్ స్పూన్లు, అరగంట నానబెట్టి జాడించి మామూలుగా ఉతకాలి. పొదలకూరు నిమ్మకాయలు పిండుతామంటారేమో, బస్తా కావాలి. నిమ్మ ఉప్పు వాడిన నీళ్లలో బ్లీచ్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు లేస్తుంది.

మాగుంట_లేఅవుట్
ఇది కొత్త విషయం. మరి కొత్త బట్టని ముందు గుప్పెడు కల్లుప్పు వేసిన నీళ్లలో నానబెడితే రంగు "కట్టుకుంటుంది" అంటారే, అది?

చీరాల_అద్దకం
కట్టుకోదు. డైరెక్ట్ రంగు ఉప్పునీళ్లలో ఉన్నంతసేపు పోగుని వదలదు కాబట్టి నీళ్లు తేటగా కనిపిస్తాయి. పని అయిందనుకుంటారు. మంచినీళ్లలో వేయగానే మళ్లీ మొదలు. రియాక్టివ్‌కి జరగాల్సింది దీనికి ఎదురు, కలవని రంగు బయటికి పోవాలి. ఉప్పేసి దాన్ని లోపల కూర్చోబెడితే తర్వాత ఎప్పుడో పక్క చొక్కా మీద దిగుతుంది. వెనిగర్ కూడా నూలు మీద ఏమీ చేయదు.

నెల్లూరు_ట్రంకురోడ్డు
అయినా తొలిసారి ఉప్పు వేస్తే నష్టమేముంది? కనీసం ఆ పూట పక్క బట్టలకి అంటదు కదా.

చీరాల_అద్దకం
కొత్త బట్టని విడిగా నానబెట్టేటప్పుడు పక్క బట్ట ఎక్కడిది అక్కా?

వెంకటగిరి_జరీ
కుప్పల వాదనకి దొరకనిది ఒకటుంది. తెల్లచీరకి మెరూన్ అంచు. ఒకే బట్టలో రెండు రంగులుంటే ఏ కుప్పలో వేస్తారు? సన్న నూలు వెంకటగిరి చీర మెషీన్‌కి అసలు వేయకూడదు. చేత్తో ఉతికేటప్పుడు కూడా నానబెట్టొద్దు. పొద్దున నీళ్లలో, సోడా లేని లిక్విడ్ మూతెడు కలిపి, ఐదు నిమిషాల్లో ముంచి తీసి రెండుసార్లు జాడించాలి. మెలిపెట్టి పిండకూడదు, పిండితే అంచు చీర ఒంటికి ఒత్తుకుని అక్కడే మరక పడుతుంది. రంగు అంచు నేలవైపు ఉండేట్టు, మడత లేకుండా ఒంటి పొర మీద నీడలో ఆరేయండి. దిగే రంగు కిందికి కారిపోతుంది. చీరని నాలుగు మడతలేసి దండెం మీద పడేస్తే ప్రతి మడతకీ అంచు అచ్చు దిగి కనిపిస్తుంది. గంజి కూడా ఆరిన తర్వాత రెండోసారి తడిపి పెట్టాలి, దిగే రంగుతో గంజి కలిస్తే ఇక వదలదు.

కావలి_సర్వీసు
నూలు బనీన్లకి ఏమీ కాకుండా ఎలాస్టిక్ పట్టీ మాత్రం గులాబీగా మారడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఎందుకు?

చీరాల_అద్దకం
పట్టీలో నైలాను, ఎలాస్టేన్ అనే సాగే పోగు ఉంటాయి. నీళ్లలో తిరిగే రంగుని నూలు కన్నా నైలాను ముందు లాగేస్తుంది. ల్యాబుల్లో ఐఎస్ఓ 105-సీ06 పరీక్షకి గుడ్డతో పాటు ఆరు రకాల పోగులు పక్కపక్కన నేసిన పట్టీ కుట్టి ఉతుకుతారు. ఏ పోగుకి ఎంత అంటిందో 1 నుంచి 5 దాకా మార్కులు, 5 అంటే ఏమీ అంటలేదని. ఆ పట్టీలో నైలాను ఉండేది అందుకే. ఇంట్లో తెల్ల సాక్సులు, బనీన్ల పట్టీలు చూసుకుంటే చాలు, ముందు చెప్పేవి అవే.

మాగుంట_లేఅవుట్
పొరపాటున తెల్లదానికి రంగు పడిపోతే?

ఒంగోలు_లాండ్రీ
ముందు ఆరేయకండి. అందరూ చేసే తప్పు అదే, ఎండకి పోతుందిలే అని దండెం మీద వేస్తారు. పసుపు పొడి మరక ఎండకి పోతుంది, నిజమే. సబ్బు తగిలి ఎర్రబడ్డా మళ్లీ పచ్చబడి, నాలుగు ఎండలకి వెలిసిపోతుంది. అద్దకం రంగు అట్టా కాదు, ఆరితే బిగుస్తుంది. తడి మీదే రంగు దించిన బట్టని బయటికి తీసి, మిగతావి కొత్త సబ్బునీళ్లలో ఇంకోసారి తిప్పండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి.
తీరకపోతే ఆక్సిజన్ బ్లీచ్ పొడి. 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లకి ఒక టేబుల్ స్పూను, రెండు గంటలు. చన్నీళ్లలో సరిగా పనిచేయదు. అచ్చ తెల్ల నూలు అయితే 10 లీటర్లకి 100 మిల్లీలీటర్ల మామూలు లిక్విడ్ బ్లీచ్, పది నిమిషాలు, వెంటనే జాడింపు. సాగే గుడ్డకి, నైలానుకి, పట్టుకి ఇది వద్దు, పసుపెక్కుతాయి, పట్టు అయితే పోగే తెగుతుంది. నీలిమందు వేసి గులాబీని కప్పేద్దామనుకుంటే ఊదారంగు చొక్కా తయారవుతుంది.

నెల్లూరు_ట్రంకురోడ్డు
అయ్యప్ప మాల వేసినవాళ్ల నల్లబట్టలు, భవానీ దీక్ష ఎర్రబట్టలు మర్చిపోయారు. కొత్తవి, చవకవి, 41 రోజులు రోజూ ఉతుకు. వాటికి బకెట్ విడిగా పెట్టండి, మెషీన్ జోలికి పోనీయొద్దు.

కావలి_సర్వీసు
ఫ్రంట్ లోడ్‌లో వేస్తే తలుపు రబ్బరు మడతల్లో ఆ నల్లనీళ్లు కొంచెం నిలుస్తాయి. తర్వాతి లోడుకి ముందు పొడిగుడ్డతో తుడవాలి. అది ఒప్పుకుంటా. మాలలు తీశాక మాత్రం నేను కలిపే వేయమంటా.

చీరాల_అద్దకం
వేయండి అన్నా. నాలుగో జాడింపు నీళ్లు చూసి వేయండి.